చూసి రాయి

టీచరుగారు పోయిన సంగతి నాకు మర్నాడు సాయంత్రం ఫోనులో తెలిసింది. అప్పటికే దహనం అయిపోయింది. ఫోను చేసిన సుబ్బరాజు గొంతు తగ్గించి, "మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారనుకున్నానండి" అన్నాడు. ఆ మాట మా ఇద్దరికీ బాగా తెలిసిన మాట.

ఆమె రాసిన కార్డు ఆ తరవాత రెండు రోజులకు వచ్చింది. నిడదవోలులో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి వచ్చిన పత్రికల మధ్య ఉంది. నాలుగు మూలలా పసుపు. అది జవాబు కార్డు. రెండు కార్డులు ఒకదానికొకటి అంటి ఉంటాయి. ఒకటి మన దగ్గర ఉంచుకోవడానికి, రెండోది మనం జవాబు రాసి చింపి పంపడానికి. మొదటి దాని మీద ప్రతి ఏడూ ఉండే మాటలే ఉన్నాయి.

"కాలువకి నీళ్లు వదిలే రోజున బడి దగ్గర కలుద్దాం. నీ జత ఎలా ఉందో రెండో కార్డు మీద రాయి. చూసి రాయి."

చివరి రెండు మాటల కింద గీత ఉంది. ఆ గీత అందరి కార్డుల మీదా ఉండేది కాదు. జత పేరు రాసే చోట "నేను" అని ఉంది. అదీ నా ఒక్కదాని కార్డు మీదే. తపాలా ముద్ర చూస్తే, పోయిన రోజు పొద్దున్నే ఆమె స్వయంగా డబ్బాలో వేసి ఉంటారు.

ఆమె మా హైస్కూల్లో డ్రిల్లు టీచరు. పాలకొల్లుకి నాలుగు మైళ్ల దూరంలో, కాలువ గట్టు మీద బడి. నేతచీర, కింద తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో నల్లతాడుకి కట్టిన ఈల. ఊళ్లో ఆడవాళ్లు మొదట్లో ఆ బూట్లు చూసి నవ్వేవారట. నేను బడిలో చేరేనాటికి వాళ్లకి అలవాటైపోయింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరో అడిగితే "ఖాళీ దొరకలేదండి" అన్నారని మా అమ్మ చెప్పేది. అంతకుమించి ఆమె సొంత విషయాలు నాకు తెలియవు. అడిగే చనువు చివరి దాకా రాలేదు.

ఆమెకొక అలవాటు ఉండేది. ఎక్కడ నలుగురు కనిపించినా ఇద్దరిద్దరిని కలిపి లెక్కపెట్టేవారు. పెదవులు కదిలేవి. బస్సులో, పెళ్లి పందిట్లో, గుడి దగ్గర ప్రసాదం వరసలో. ఒకరు మిగిలితే మళ్లీ మొదటి నుంచి లెక్క. మా అక్క పెళ్లి భోజనాల్లో బంతి పక్కన నడుస్తూ ఆగి, "ఇక్కడ ఒకరు లేచి వెళ్లారు, ఎవరండీ?" అని అడిగారు. చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిన మా బాబాయి తిరిగొచ్చేదాకా ఆ ఖాళీ విస్తరి దగ్గరే నిలబడ్డారు.

"టీచరుగారూ, నేను ఈతకి పోలేదండి. కుళాయి దగ్గరికెళ్లాను" అన్నాడు బాబాయి.

బంతంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. "వచ్చారు కదా, కూర్చోండి" అని ముందుకు నడిచారు.

వేసవి సెలవుల్లో ఆమె మాకు ఈత నేర్పేవారు. బడి గోడ మీద "వేసవి శిబిరం" అని సున్నంతో రాసి ఉండేది. మేము క్యాంపు అనేవాళ్లం. మే నెల మధ్యలో మొదలై బళ్లు తెరిచేదాకా నడిచేది. మా వైపు వేసవిలో కాలువ కట్టేస్తారు. అందుకని మొదటి మూడు వారాలూ ఎండిన కాలువ అడుగున కబడ్డీ, గట్టు మీద ఈత. తరగతి గదుల్లోని బల్లలు బయటికి మోసుకొచ్చి, వాటి మీద మమ్మల్ని బోర్లా పడుకోబెట్టి, చేతులూ కాళ్లూ ఆడించమనేవారు. గట్టు మీద పోయే సైకిళ్లవాళ్లు కాలు కింద పెట్టి చూసేవారు.

"ఏంటండీ టీచరుగారూ, బల్లలు మునిగిపోతున్నాయా?" అని అడిగాడు ఒకాయన.

"మీరూ వచ్చి పడుకోండి. మీకూ రాదుగా" అన్నారు ఆమె.

జూన్‌లో లాకులెత్తి నీళ్లు వదిలాక అసలు ఈత. నీళ్లలోకి దిగే ముందు జతలు కట్టేవారు. ఎవరి స్నేహితుల్ని వాళ్లు ఎంచుకోవడానికి లేదు. హాజరు వరసలో పక్కపక్కన ఉన్నవాళ్లు జత. ఒకసారి జతైతే మార్పు లేదు. నీళ్లలో ఉండగా ఆమె ఈల ఊదితే ఎవరి చెయ్యి వాళ్లు ఎత్తకూడదు. జత చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా అందరూ గట్టెక్కాలి. హాజరు కూడా అంతే. ఎవరి పేరు పిలిస్తే వాళ్లు పలకకూడదు. జత పలకాలి. "ఉందండి." "ఉన్నాడండి." భుజాలు రాసుకుంటూ నిలబడినా సరే, తల తిప్పి చూసి చెప్పాలి. తిప్పకపోతే "చూడకుండా చెప్పావు, మళ్లీ చెప్పు" అనేవారు. ఎండలో ఆ హాజరు అరగంట పట్టేది.

నా జత మంగ. మంగతాయారు. వాళ్ల నాన్న కొబ్బరికాయలు దింపేవాడు. ఎనిమిదో తరగతి అయిన వేసవిలో మేము జతయ్యాం. మంగ రెండో రోజుకే ఈదింది. నీళ్లు నడుము దాటితే నేను గట్టుకేసి తిరిగిపోయేదాన్ని. మంగ ఎప్పుడూ నా జడ పట్టుకునేది.

"ఒసేయ్, జడ వదులు. నొప్పిగా ఉంది."

"చెయ్యి అయితే జారిపోద్ది. జడ జారదు."

"నేను మునిగిపోతే?"

"మునగనిస్తానేంటి? నువ్వు మునిగితే నన్ను కూడా గట్టెక్కించేస్తారు. నాకింకా ఆడుకోవాలనుంది."

ఈ ఏర్పాటు ఎందుకో టీచరుగారు ఒక్కసారే చెప్పారు. వాన వచ్చి అందరం బడి వరండాలో కూర్చున్నాం. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, నీళ్లు వదిలిన రోజున, మా బడి పిల్లలు పదకొండు మంది రేవులో దిగారు. పదిమంది ఇళ్లకు వెళ్లారు.

"పదిమందినీ విడివిడిగా అడిగాను. అందరూ ఒకటే మాట. వాడు ఇంటికెళ్లిపోయాడనుకున్నామండీ అన్నారు. ఒక్కళ్లు కూడా అబద్ధం చెప్పలేదు."

ఇంకేమైనా చెబుతారేమోనని చూశాం. ఈల నోట్లో పెట్టుకున్నారు. ఊదలేదు. వాన వెలిసేదాకా అలాగే కూర్చున్నారు.

క్యాంపు అయిపోయినా జత అయిపోయేది కాదు. బడి విడిచిపెట్టిన వాళ్లందరికీ ప్రతి మే నెలలో కార్డు వచ్చేది. పెళ్లయి వెళ్లిపోయినవాళ్లు, తాపీ పనికి వెళ్లినవాళ్లు, ఎక్కడో పోలీసు ఉద్యోగంలో చేరినవాళ్లు, ఎవరినీ వదిలేవారు కాదు. మారిన చిరునామాలు ఆమెకు వాళ్ల జతలు రాసిన జవాబుల్లోనే దొరికేవి. ఎవరైనా తమ సంగతులు తాము రాస్తే, "నీ గురించి నువ్వు చెబితే నాకెందుకు? అది నీ జత చెబుతుంది" అనేవారు. జవాబుల్లో ఏదైనా కష్టం కనిపిస్తే, ఆ దగ్గర్లో ఉన్న ఇంకొకరికి ఒక కార్డు రాసేవారు. అంతకుమించి ఏమీ చేసేవారు కాదు. జంగారెడ్డిగూడెం దగ్గర పొగాకు పనిలో చెయ్యి కాల్చుకున్న ఒకతన్ని ఒక బస్సు కండక్టరు ఆస్పత్రికి తీసుకెళ్లి కట్టు మార్పించేవాడు. ఇద్దరూ మా క్యాంపువాళ్లే. కానీ ఆరేడేళ్ల తేడా. ఒకరి మొహం ఒకరికి తెలియదు. కండక్టరు మొదటిసారి ఆ గుమ్మంలోకి వెళ్లి, "టీచరుగారు చూసి రమ్మన్నారండి" అన్నాడట. అంతే పరిచయం.

పదో తరగతి తరవాత మంగ చదువు మానేసింది. వాళ్ల కుటుంబం భీమవరం దగ్గరికి మారిపోయింది. మంగ రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనిలో చేరింది. నేను పాలకొల్లులో ఇంటర్మీడియట్ చదివిన రెండేళ్లూ మే నెలలో వెళ్లి చూశాను. మొదటి ఏడు మంగ తన చేతులు నా చేతుల్లో పెట్టింది. వేళ్ల కొసలు ఐసు నీళ్లలో నాని, తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి.

"చూడవే, చేప పొట్టలాగున్నాయి" అని నవ్వింది. "నీ చేతులెలా ఉన్నాయి? ఇంకు మరకలేనా? ఆ మాటే రాస్తాను టీచరుగారికి."

నేను వేళ్ల సంగతి కార్డు మీద రాశాను. టీచరుగారు రబ్బరు తొడుగులు పంపారని, అవి వేసుకుంటే పని జోరుగా సాగడం లేదని మేస్త్రీ తీయించేశాడని మంగ మరుసటి ఏడు చెప్పింది.

మూడో ఏడు నేను రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాను. మే నెలలో పరీక్షలు. ఎండ. భీమవరం వెళ్లాలంటే బస్సులు మారాలి. పరీక్షలయ్యాక వెళ్లొచ్చనుకుని, ముందు కార్డు రాసేశాను. "నా జత బాగుంది." డబ్బాలో వేశాను. ఆ తరవాత వెళ్లలేదు. ఏమీ కాలేదు. నాలుగో ఏడు కూడా అదే రాశాను. ఈసారి వెళ్లాలనే ఆలోచన కూడా రాలేదు. రాస్తున్నప్పుడు అబద్ధం చెబుతున్నట్టు నాకు అనిపించలేదు. మంగ బాగానే ఉంటుందని నమ్మాను. మంగ బాగా లేకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ జూన్‌లో నీళ్లు వదిలిన రోజున బడి దగ్గర చాలామంది చేరారు. కాలువలో నీళ్లు ఇంకా నిండలేదు. మొదట వచ్చే నీళ్లు సన్నగా, ఎర్రగా, ఎండుటాకుల్ని తోసుకుంటూ వస్తాయి. పిల్లలు వాటికి ముందు పరుగెత్తుతున్నారు. టీచరుగారు గట్టు మీద నిలబడి హాజరు పిలుస్తున్నారు. పిల్లల తల్లులు, మీసాలవాళ్లు, అందరూ తల తిప్పి పక్కకు చూసి "ఉందండి", "ఉన్నాడండి" అంటున్నారు. రానివాళ్ల జత ఒక అడుగు ముందుకొచ్చి వాళ్లెక్కడున్నారో, ఎలా ఉన్నారో చెప్పాలి.

మంగ పేరు వచ్చింది. నేను ముందుకు వెళ్లాను.

"రాలేదండి. భీమవరంలోనే ఉంది. బాగుంది."

టీచరుగారు తరవాతి పేరు పిలవలేదు. నా వెనక్కి చూస్తున్నారు. బడి గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. చేతిలో పసుపు పెట్టిన కార్డు. మంగ వాళ్ల అమ్మ.

"లేదమ్మా" అంది నాతో. గట్టిగా కూడా అనలేదు. "మాఘమాసంలో పోయింది. కామెర్లు. పసరు పోయించాం. తగ్గిందనే అనుకున్నాం." తరవాత టీచరుగారి వైపు తిరిగింది. "పోస్టాయన చదివి చెప్పాడండి, బడి దగ్గరికి రమ్మన్నారని. పసుపు పెట్టిన కార్డు చింపకూడదు కదా. మీ చేతికిచ్చి పోదామని వచ్చాను. దాన్ని ఎరిగినవాళ్లు ఇంతమంది ఉన్నారని నాకు తెలీదండి."

టీచరుగారు ఒక్కసారి ఈల ఊదారు. నీళ్లలో లేకపోయినా అందరి చేతులూ జతల చేతుల కోసం వెతుక్కుని పైకి లేచాయి. నా చెయ్యి నా పక్కనే వేలాడుతూ ఉండిపోయింది.

"అందరూ గట్టెక్కండి" అన్నారు ఆమె.

మేమందరం గట్టు మీదే ఉన్నాం. ఎవరూ నవ్వలేదు. ఆమె గట్టు దిగి వెళ్లి, మంగ వాళ్ల అమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాకా నడిచి, ఆవిడతోపాటే బస్సెక్కి వెళ్లిపోయారు. ఆ ఏడు ఎవరూ నీళ్లలో దిగలేదు.

కాలేజీ తెరిచిన వారానికి రాజమండ్రిలో మా హాస్టలుకి వచ్చారు. ముందు గదిలో చెక్క బల్లకి అటూ ఇటూ కూర్చున్నాం. చేతిసంచిలోంచి నేను రాసిన కార్డు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది నీ దస్తూరీయేనా?"

"అవునండి."

"చూశావా మంగని?"

"లేదండి."

"మరి?"

"బాగానే ఉంటుందనుకున్నానండి."

ఆమె కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఈ ఏడు మంగ దగ్గర్నుంచి నీ గురించి కార్డు రాలేదు" అన్నారు. "ఎందుకు రాలేదా అని రెండు రోజులు ఆలోచించాను. బయల్దేరదామనుకున్నాను కూడా. ఇంతలో నీ కార్డు వచ్చింది. బాగుందని ఉంది. సరే, తీరిక లేదేమో అనుకుని ఊరుకున్నాను. నువ్వూ అనుకున్నావు, నేనూ అనుకున్నాను."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. లేచి చీర సర్దుకుని, "ఏడిస్తే ఏడువు. అన్నం మాత్రం మానకు" అన్నారు. గుమ్మం దాకా వెళ్లి ఆగారు.

"వచ్చే ఏడు కూడా కార్డు పంపిస్తాను."

"నాకు జత లేదు కదండీ."

"ఉంది" అని వెళ్లిపోయారు.

మరుసటి మే నెలలో వచ్చిన కార్డు మీద, జత పేరు ఉండే చోట "నేను" అని ఉంది. గీత కూడా అప్పుడే మొదలైంది.

అప్పటి నుంచి ప్రతి మే నెలలో నేను ఆమెను చూడటానికి వెళ్లేదాన్ని. రిటైరయ్యాక పాలకొల్లులో రెండు గదుల వాటాలో ఒక్కరే ఉండేవారు. ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె గురించి ఆమెకే కార్డు రాయాలి.

"మోకాళ్లెలా ఉన్నాయండీ?"

"బాగున్నాయని రాయి."

"లేచి నాలుగడుగులు నడవండి, చూస్తాను."

"అబ్బో, ఇప్పుడు నేర్చుకున్నావు" అని లేచి నడిచేవారు. కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చేలోపల రెండుసార్లు గోడ పట్టుకునేవారు. నేను చూసింది చూసినట్టు రాసేదాన్ని. ఎడమ మోకాలు వాచింది. మందులు సగంలో మానేశారు. బూట్లు కొత్తవి కొనుక్కోవాలి. రాసి చేతికివ్వబోతే తీసుకునేవారు కాదు. "పోస్టులో వెయ్యి" అనేవారు. ఆ కార్డు వీధి చివర డబ్బాలోంచి బయల్దేరి, రెండు రోజులకు అదే వీధిలోకి తిరిగొచ్చేది.

ఇవి తలుచుకోవడానికి బాగానే ఉంటాయి. మిగిలింది కూడా చెప్పాలి. మంగ పోయాక ఆమె ఎవరి కార్డునీ నమ్మలేకపోయారు. "బాగుంది" అన్న మాట కనిపిస్తే చాలు, సంచి తీసుకుని బయల్దేరేవారు. కబురు లేకుండా వెళ్లి గుమ్మంలో నిలబడేవారు. ఒక ఇంట్లో అత్తగారు "మా కోడలికి ఏం తక్కువైందని చూడ్డానికి వచ్చారండీ?" అని నిలదీసింది. ఆ తరవాత ఆ కోడలు నాలుగు రోజులు మాటలు పడిందని తెలిసింది. ఒకతను "బాగానే ఉన్నానండి, చూశారు కదా" అని మొహం మీదే తలుపేశాడు. నెమ్మదిగా జవాబులు తగ్గాయి. జూన్‌లో బడి దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు. ఆమె అందరినీ విసిగిస్తున్నారని మాలో మేము అనుకునేవాళ్లం. ఆ విసుగుకి మొదలు నేను రాసిన మూడు మాటలని అక్కడున్న కొందరికి గుర్తుండేది కాదు. నాకు గుర్తుండేది.

సుబ్బరాజు మాకంటే ముందు క్యాంపులవాడు. భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం. సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో అతను పూనుకుని పూర్వ విద్యార్థుల సంఘం పెట్టాడు. పాలకొల్లులో ఒక హాలు, వేదిక, టీచరుగారికి శాలువా, అందరి ఫోను నంబర్లతో అచ్చువేసిన పుస్తకం. మంచివాడు. ఆమెకు కష్టం తగ్గించాలనే చేశాడు.

"ఇంక మీకీ కార్డుల బాధ లేదండి టీచరుగారూ. ఒక్క మెసేజ్ కొడితే అందరికీ వెళ్లిపోద్ది. అందరి జవాబులూ సాయంత్రానికి వచ్చేస్తాయి."

"ఏమని వస్తాయి సుబ్బరాజూ?"

"ఫైన్ అని వస్తాయండి."

"అదేగా నా భయం. ఫోన్లో అందరూ బాగానే ఉంటారు."

హాలు నవ్వింది. సుబ్బరాజు కూడా నవ్వాడు. ఆమె శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుని అడిగారు.

"నీ జత వచ్చాడా?"

సుబ్బరాజు హాలంతా వెతికాడు. "ఉండాలండి. పుస్తకంలో నంబరుందండి" అని అక్కడే ఫోను చేశాడు. ఎవరో తెలియని ఆయన తీశాడు. ఈ నంబరు కొని ఏడాదైంది, మీరెవరని అడిగాడు. సుబ్బరాజు ఫోను జేబులో పెట్టుకుని "రేపు పొద్దున్నే వెళ్తానండి" అన్నాడు. వెళ్లాడు కూడా. అతని జత అప్పటికి రెండేళ్లుగా మంచంలో ఉన్నాడు.

ఈ ఏడు మే నెలలో కార్డు ఆలస్యమైంది. ఆమె పోవడానికి వారం ముందు నేను ఫోను చేశాను.

"ఎలా ఉన్నారండీ?"

"బాగున్నాను. నువ్వెప్పుడొస్తావు?"

"కార్డు రాగానే వస్తానండి" అన్నాను. ఫోన్లో ఆమె నడక కనిపించదు. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు.

కార్డు డబ్బాలో వేసిన రోజు మధ్యాహ్నం పోయారు. సాయంత్రం పక్క వాటావాళ్లు చూశారు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. కాళ్లకు బూట్లు ఉన్నాయి. ఒకదానికి తాడు కట్టి ఉంది, రెండోదానికి లేదు.

పదకొండో రోజున నేను వెళ్లాను. ఆమె మేనకోడలు మంచం కింద నుంచి ఒక రేకుపెట్టె లాగింది.

"ఇవన్నీ ఏం చెయ్యాలో తెలీడం లేదండి. మీవేమైనా ఉంటే చూసి తీసుకెళ్లండి."

పెట్టె నిండా జవాబు కార్డులు. పేర్ల వారీగా దారం కట్టి ఉన్నాయి. ఎవరు రాశారన్న వరస కాదది. ఎవరి గురించి రాశారన్న వరస. మంగ పేరున్న కట్టలో నాలుగున్నాయి. నావే. చివరి రెండింటి మీదా ఆ మూడు మాటలే. నా పేరున్న కట్టలో మూడు కార్డులు ఉన్నాయి. మంగ రాసినవి. అవి ఉంటాయని నాకు తెలుసు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చూపించమని అడగలేదు. మూడోది, నేను వెళ్లకుండా రాసిన మొదటి ఏటిది. దాన్నీ, ఆ ఏడు నేను రాసిన కార్డునీ పక్కపక్కన పెట్టి ముద్రలు చూశాను. రెండూ ఒకే వారంలో బయల్దేరాయి.

"టీచరుగారికి నమస్కారాలు. నా జతని చూడ్డానికి ఆదివారం రాజమండ్రి వెళ్లాను. హాస్టలు గేటుకి ఎదురుగా నిలబడ్డాను. తను ఇంకో ముగ్గురితో కలిసి బయటికి వచ్చింది. ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. నా బట్టలు రొయ్యల వాసన వస్తున్నాయి, అందుకని పిలవలేదు. తను నన్ను చూడలేదు. కొంచెం చిక్కింది. జడ బాగా పెరిగింది. బాగుంది. నేను చూశాను."

మేనకోడలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగేదాకా ఆగి అంది:

"అత్తయ్య ఆ రోజు భీమవరం వెళ్లాలని బయల్దేరుతోందట. ఏటా ఈ నెలలో ఎవరో పెద్దావిడ దగ్గరికి వెళ్లి వచ్చేదండి. ఆవిడకి ఎవరు చెబుతారో ఏంటో."

మంగ పోయిన ఈ పన్నెండేళ్లలో నేను వాళ్ల అమ్మ దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఏటా ఆమె వెళ్తున్నారని నాతో ఎన్నడూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే భీమవరం వెళ్లాను. వెళ్లే ముందు పక్క వాటావాళ్లను ఇంకోసారి కలిసి, ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో మొదటి నుంచి అడిగి తెలుసుకున్నాను. మంగ వాళ్ల అమ్మ ఇంటి ముందు నీడలో కూర్చుని, చీపుళ్లు కట్టడానికి కత్తితో కొబ్బరాకుల ఈనెలు తీస్తోంది. బాగా పెద్దదైపోయింది. నన్ను గుర్తుపట్టలేదు. బస్సు ఆగిన వైపు నుంచి ఇంకెవరైనా వస్తున్నారేమోనని నన్ను దాటి చూసింది.

"టీచరుగారు పంపారా అమ్మా? తను రాలేదేంటి?"

"లేరండి" అన్నాను.

కత్తి ఆగింది.

"దగ్గరెవరున్నారమ్మా?"

పక్క వాటావాళ్లున్నారని చెప్పొచ్చు. అందులో అబద్ధమేమీ లేదు.

"ఎవరూ లేరండి. కనుక్కునే వచ్చాను."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. "నువ్వు ఎవరమ్మా?"

"మంగ జతనండి."

ఆవిడ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూసింది. చాలాసేపు చూసింది. తరవాత ఈనెల కట్ట పక్కకు జరిపి చోటు చేసింది.

"కూర్చో" అంది. "చిక్కిపోయావు."